పసుపు, సిల్వర్ గిన్నె, జాతర బొమ్మ: సీసం ఉందో లేదో ఎట్ల తెలుస్తది?

కల్వకుర్తి నుంచి ఒక చెల్లె అడిగింది. రెండేండ్ల బాబు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటడట. భయమయి ఆన్‌లైన్‌లో సీసం (లెడ్ అనే విష లోహం) కనిపెట్టే కిట్ తెప్పించి ఇంట్లో సామాన్ల మీద రుద్ది చూసింది. కురుమూర్తి జాతరలో కొన్న పసుపు రంగు బస్సు బొమ్మ మీద కిట్‌లోని దూది పుల్ల గులాబీ రంగుకు తిరిగింది. గిర్నిలో పట్టించిన పసుపు మీద, అత్తమ్మ ఇచ్చిన సిల్వర్ (అల్యూమినియం) గిన్నెల మీద ఏ రంగూ రాలేదు. ఎర్ర చెక్క గుర్రం మీద పుల్ల కొద్దిగా ఎర్రబడ్డది. కిట్‌ను నమ్మాల్నా, సిల్వర్ గిన్నెలన్నీ పడేయాల్నా, మన దగ్గర పరీక్ష చేసేటోళ్లు ఎవరన్నా ఉన్నరా అని ఆమె అడుగుతున్నది. ఇత్తడి సామాను చింతపండుతో తోమితే సీసం పోతదా అని అత్తమ్మ కూడా ఒక ప్రశ్న వేసిందట.

నేను హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో లోహాల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్న. చెల్లె అడగని దాంతోనే మొదలుపెడత.

సామాన్లు తర్వాత, ముందు బాబు రక్తం పరీక్ష చేయించండి. ఇంట్లో వంద వస్తువులుంటయి. ఒక్కోదానికి ల్యాబ్ ఫీజు కట్టుకుంట పోతే చేతిలో కాగితాలు పెరుగుతయి గానీ, బాబు ఒంట్లోకి ఏమన్నా పోయిందా అనేది మాత్రం తెల్వదు. అది ఒక్క రక్త పరీక్షతో తేలుతది. పిల్లల డాక్టర్‌తో ‘బ్లడ్ లెడ్’ అని రాయించుకోండి. నరం నుంచి తీసిన రక్తమే కావాలె. వేలు పొడిచి తీసిన చుక్కలో చర్మం మీది దుమ్ము కలిస్తే లెక్క ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది. జిల్లా కేంద్రాల్లోని కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి హైదరాబాద్‌కు పంపుతయి. పిల్లాణ్ని ఎత్తుకపోయే ముందే ఫోన్ చేసి, ఈ పరీక్ష ఉందా, ఐసీపీ-ఎంఎస్ (చాలా కొంచెం లోహాన్ని కూడా కొలిచే మిషన్) మీద చేస్తరా అని అడగండి. వెంట్రుకలు కోసి పంపమనేటోళ్ల జోలికి పోవద్దు. వెంట్రుకకు బయటి దుమ్ము, షాంపూ, నూనె అన్నీ అంటుకుంటయి, ఆ నంబరుతో ఏ డాక్టరూ వైద్యం చేయలేడు.

రిపోర్టులో డెసిలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని వస్తది. సీసానికి ‘ఇంతవరకు ఫరవాలేదు’ అనే హద్దు ఇప్పటిదాకా తేలలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి 3.5 దాటితే పట్టించుకోవాలంటున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఇచ్చిన మార్గదర్శకాల్లో 5 గానీ ఆపైన గానీ ఉంటే ఎక్కడినుంచి వస్తున్నదో వెతికి ఆపమన్నది. ఒంట్లోంచి సీసాన్ని లాగే మందులు పిల్లలకు 45, ఆపైన ఉన్నప్పుడు. మధ్యలో ఉన్నోళ్లకు వైద్యం అంటే మూలం పట్టుకొని ఆపడం, ఇనుము, కాల్షియం తక్కువ కాకుండ తిండి పెట్టడం. కడుపులో ఇనుము కరువైతే సీసం ఇంకా ఎక్కువ ఒంటికి పడుతది. మింగిన సీసంలో పెద్దోళ్ల ఒంటికి పదో వంతు పడితే, చిన్న పిల్లలకు దగ్గరదగ్గర సగం పడుతది. అందుకే ఒకే ఇంట్లో ఒకే కూర తిన్నా నాయనమ్మ రక్తంలో లేనిది మనుమని రక్తంలో కనపడుతది.

ఇది ఎక్కడో దూరదేశం ముచ్చట అనుకోవద్దు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 దాటింది, అంటే ముగ్గురిలో ఒకరికి. అందులో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలే. పెట్రోల్లో సీసం 2000లోనే ఆగిపోయింది. ఇప్పటి సీసం ఎక్కువగా వంటింట్లోంచి, బొమ్మల్లోంచి, పని బట్టల్లోంచి వస్తున్నది.

ఇగ కిట్ సంగతి. ఆ పుల్ల దూదిలో ఉండేది సోడియం రోడిజోనేట్ అనే మందు, దానికి తోడు కొంచెం యాసిడ్. సీసం ఆ యాసిడ్‌లో కరిగి మందుకు తగిలితే గులాబీ, ఎరుపు వస్తది. కరగకపోతే ఏమీ రాదు. పైన వార్నిష్ పొర ఉన్నా, సీసం గట్టి రూపంలో ఉన్నా పుల్లకు అందదు. ఇంకో సంగతి, ఈ కిట్లు పాత ఇండ్ల గోడల కోసం తయారైనవి. అమెరికాలో పాత గోడ రంగులో బరువు లెక్కన 0.5 శాతం, అంటే 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5,000 పాళ్లు) ఉంటే దాన్ని సీసపు రంగు అంటరు. మన దేశంలో ఇంటి రంగులకు 2017 నవంబర్ నుంచి హద్దు 90 పీపీఎం. ఈ 90కి ఆ 5,000కి నడుమ ఎంత సీసమున్నా పుల్ల తెల్లగనే ఉండొచ్చు. అమెరికా కన్జ్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ 2007లో ఇట్లాంటి కిట్లను తెచ్చి చూసింది. 104 పరీక్షల్లో 56 సార్లు ఉన్న సీసాన్ని లేదన్నయి. లేనిదాన్ని ఉందన్నవి రెండే రెండు.

అందుకే పుల్ల గులాబీ అయితే నమ్మండి, కాకపోతే ఆ పరీక్ష చేయనట్టే అనుకోండి. మీ ఇంట్లో బస్సు మీద వచ్చిన రంగుకు విలువ ఉంది. పసుపు మీద, సిల్వర్ గిన్నె మీద రంగు రాకపోవడానికి విలువ లేదు.

చెక్క గుర్రం వేరే ముచ్చట. దూదిని ఉత్త నీళ్లలో ముంచి అదే చోట రుద్దండి. దూదికి ఎరుపు అంటితే అది బొమ్మ రంగు ఊడుతున్నదే తప్ప మందు మారింది కాదు. నీళ్లకు ఊడకుండ, కిట్ పుల్లకే ఎరుపు వస్తే అప్పుడు అనుమానించాలె. నారింజ రంగు కనపడితే బేరియం లాంటి వేరే లోహం కూడా కావచ్చు. అయినా నోట్లో పెట్టుకునే బొమ్మ నుంచి రంగు ఊడుతున్నదంటే, సీసం ఉన్నా లేకున్నా దాన్ని పిల్లగాని చేతికి ఇయ్యొద్దు. దీనికి ల్యాబ్ ఎందుకు?

ఈమధ్య కొత్త రకం స్ప్రే వచ్చింది, నెదర్లాండ్స్ పరిశోధకులు కనిపెట్టింది. వస్తువు మీద కొట్టి అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే సీసం ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తది. పుల్ల కంటే చాలా సున్నితమైంది. కొందరు దీన్ని పసుపు పొడి మీద కొట్టి, మెరిసిందని గాబరా పడుతున్నరు. పసుపులోని కర్క్యుమిన్ ఆ టార్చ్ కింద ఏ స్ప్రే లేకుండనే మెరుస్తది. పసుపుకు అది పనికిరాదు.

బస్సు బొమ్మ దగ్గరికొద్దాం. పసుపు, నారింజ రంగు బొమ్మల మీద ముందు నుంచీ నా అనుమానం ఎక్కువ, ఎందుకంటే చౌకగా, ఎండకు వెలిసిపోని పసుపు రంగు కావాలంటే పెయింట్లవాళ్లకు దొరికేది లెడ్ క్రోమేట్, వాళ్లు క్రోమ్ ఎల్లో అంటరు. దాంట్లో సీసం, క్రోమియం రెండూ ఉంటయి. మా ల్యాబ్‌లో ఇట్లాంటివి వస్తే మొదట ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ పట్టేది. గన్ మూతిని బొమ్మ మీద బల్లపరుపుగా ఉన్నచోట ఆనించి ట్రిగ్గర్ పట్టుకుంటే, లోపలినుంచి ఎక్స్‌రేలు పోయి రంగులోని పరమాణువులను తాకుతయి. ఒక్కో లోహం తనదైన శక్తితో ఎక్స్‌రేను తిరిగి వదుల్తది, స్క్రీన్ మీద శిఖరాలు లేస్తయి. సీసం శిఖరం 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లేస్తది. చిక్కేందంటే ఆర్సెనిక్ శిఖరం 10.54 దగ్గర. రెండూ ఒకే జాగలో. మిషన్ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి సీసాన్ని ఆర్సెనిక్ అని, ఆర్సెనిక్‌ను సీసమని రాసేస్తది. చేయి తిరిగినోడు 12.6 దగ్గర చూస్తడు. అక్కడ సీసానికి ఇంకో శిఖరం ఉంటది, ఆర్సెనిక్‌కు ఉండదు. క్రోమ్ ఎల్లో అయితే 5.4 దగ్గర క్రోమియం కూడా లేస్తది. మూడు చోట్లా లేచినయంటే ఇంక వాదన లేదు.

అయితే గన్ చెప్పేది మొత్తం ఎంత ఉందో. చీకితే ఎంత బయటికి వస్తదో అది చెప్పదు. బొమ్మల చట్టం ఆ రెండోదాన్నే అడుగుతది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. బొమ్మల ప్రమాణం ఐఎస్ 9873 మూడో భాగం ప్రకారం బొమ్మ రంగును గీకి, కడుపులో ఉండే యాసిడ్ లాంటి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఎంత దిగిందో కొలుస్తరు. కిలో రంగుకు సీసం 90 మిల్లీగ్రాములు, కాడ్మియం 75, పాదరసం 60, ఆర్సెనిక్ 25 దాటొద్దు. బొమ్మ డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటది. దాన్ని బీఐఎస్ (ఐఎస్‌ఐ మార్కు ఇచ్చే సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిది, నడుస్తున్నదా లేదా వస్తది. జాతరలో గోనెసంచి మీద పోసి అమ్మేవాటికి డబ్బానే ఉండదు. కురుమూర్తి అయినా, చెర్వుగట్టు అయినా, పెద్దగట్టు అయినా జాతర బొమ్మ తెస్తే నోట్లో పెట్టుకునే ఈడు దాటినోళ్లకు ఇయ్యండి.

‘గన్ లేదు సరే, బంగారం టంచ్ చూసే మిషన్ ఉంది కదా, అందులో పెడితే?’ అని చాలామంది నన్ను అడుగుతరు. మంచి ప్రశ్నే. ఆ డబ్బా మిషన్ కూడా ఎక్స్‌ఆర్‌ఎఫే. కానీ దాన్ని బంగారం, వెండి, రాగి కోసం సెట్ చేసి ఉంచుతరు. ముందున్నది మొత్తం లోహమే అనుకొని, కనపడ్డవాటిని కలిపి 100 శాతం చేసి చూపిస్తది. ప్లాస్టిక్, పసుపు, కుంకుమ లాంటివాటిలో ఉండే కార్బన్, హైడ్రోజన్ దానికి కనపడవు. కాబట్టి చిటికెడు సీసాన్ని 40 శాతం అని చూపినా చూపుతది. బొమ్మను, పసుపును దాంట్లో పెట్టి భయపడొద్దు, సంబురపడొద్దు. రోల్డ్ గోల్డ్ గొలుసు, ఇత్తడి గిన్నె, కళాయి పూత, తాయత్తు రేకు లాంటి లోహాలకు మాత్రం అది పనికొస్తది. షాపాయన మంచోడైతే సీసం, కాడ్మియం ఆప్షన్ ఆన్ చేసి చూపించమనండి.

పసుపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె. బస్సు బొమ్మ మీద ఉండే ఆ లెడ్ క్రోమేటే పసుపు కల్తీలో కూడా కలుస్తది. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి కొమ్ముల రంగు మాడిపోతే, మెరుపు కోసం వ్యాపారులు ఈ పొడి పూయడం మొదలుపెట్టిన్రు. తర్వాత అది అలవాటైపోయింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు, ఢాకాలోని ఐసీడీడీఆర్,బీ ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు కలిసి 2019లో దీన్ని బయటపెట్టిన్రు. అక్కడి ఫుడ్ సేఫ్టీ అధికారులు ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ పట్టుకొని మార్కెట్లోకి దిగి, అక్కడికక్కడే కొమ్ములకు పెట్టి చూసి జరిమానాలు వేసిన్రు. 2019లో 47 శాతం శాంపిళ్లలో ఉన్న సీసం కల్తీ 2021 నాటికి సున్నా అయింది. ఈ లోహాల పనిలో నాకు తెలిసినంతలో ఇంత తొందరగా ఫలితం వచ్చింది ఇదొక్కటే. మన దేశంలో మాత్రం 2024లో వచ్చిన ఒక పరిశోధనలో పట్నా నుంచి తెచ్చిన పసుపులో 1,000 పీపీఎం దాటి సీసం కనపడ్డది. డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చిన పొడి కంటే విడిగా అమ్మే పాలిష్ కొమ్ములే ఎక్కువ చెడ్డగా ఉన్నయి.

మన చట్టం హద్దు పసుపులో 10 పీపీఎం సీసం. లెడ్ క్రోమేట్ మాత్రం అసలే ఉండొద్దు. చిన్న లెక్క వేద్దాం. పిల్లగాడు పాలలో, పప్పులో కలిపి రోజుకు అర గ్రాము పసుపు తింటడనుకుంటే, 10 పీపీఎం పసుపుతో రోజుకు 5 మైక్రోగ్రాముల సీసం పోతది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ పిల్లలకు తిండి మొత్తం మీద రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటొద్దని లెక్క పెట్టుకున్నది. అంటే చట్టం ఒప్పుకున్న పసుపే దానికి రెట్టింపు. 1,000 పీపీఎం పసుపైతే రోజుకు 500. అందుకే రిపోర్టులో ‘పాస్’ అని ఉందా లేదా అని చూసి ఊరుకోవద్దు, నంబరు చూడండి. కల్తీ లేని పసుపులో సీసం మామూలుగా ఒకటి రెండు పీపీఎం కూడా ఉండదు.

ల్యాబ్ రిపోర్టులో క్రోమియం కూడా అడిగి రాయించుకోండి. లెడ్ క్రోమేట్‌లో సీసం పరమాణువు ఒకటి ఉంటే క్రోమియం పరమాణువు ఒకటి ఉంటది. బరువు లెక్కన సీసం 207, క్రోమియం 52, అంటే నాలుగింతలు. రిపోర్టులో సీసం 80, క్రోమియం 20 దగ్గర వస్తే అది మట్టి నుంచో మిషన్ నుంచో వచ్చింది కాదు, ఎవరో కలిపిందే. సీసం ఒక్కటే ఉండి క్రోమియం అసలు లేకపోతే వేరే దారి వెతకాలె.

ఇంట్లో చేసే పరీక్షల సంగతి కూడా తెలుసుకోండి. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు వేసి చూడమని వీడియోలు వస్తుంటయి. పొడితో చేసే ఆ పరీక్ష నీళ్లలో కరిగే కృత్రిమ రంగులను పట్టిస్తది. లెడ్ క్రోమేట్ నీళ్లలో కరగదు, బరువైంది, మంచి పసుపుతో పాటే అడుగుకు దిగుతది. గ్లాసు తేటగా ఉంది కదా అని సంబురపడొద్దు. కొమ్ములతో చేసే పరీక్ష కొంత నయం. కొమ్మును నీళ్లలో వేస్తే మంచిది వెంటనే రంగు వదలదు, పైన పూత ఉన్నదైతే నీళ్లు చప్పున పచ్చగవుతయి. గిర్నిలో పట్టించే అలవాటున్న మీలాంటోళ్లకు ఇది పనికొస్తది. మెరిసే పాలిష్ కొమ్ములు కొనొద్దు. మట్టిరంగులో, తోలు ముడతలతో ఉన్నవి కొని, నీళ్లలో రుద్ది కడిగి, ఎండబెట్టి పట్టించండి. మనకు నిజామాబాద్ పసుపు దొరుకుతది, కొమ్ములకు కరువు లేదు.

ఇగ సిల్వర్ గిన్నెలు. అల్యూమినియం దానంతటదే సీసం కాదు. పాత ఇంజన్ ముక్కలు, రేడియేటర్లు, తుక్కు అన్నీ కలిపి కరిగించి పోత పోసినప్పుడు సీసం అందులోకి వస్తది. కొత్త రేకు నుంచి ఒత్తి తీసిన గిన్నెల్లో ఆ భయం తక్కువ. 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ, మన దేశంలో తయారైన ఒక రకం అల్యూమినియం పాత్రల నుంచి తిండిలోకి సీసం దిగుతున్నదని హెచ్చరించింది. మన కేంద్రం 2024 మార్చిలో స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేస్తూ ఆర్డర్ ఇచ్చింది. అల్యూమినియం పాత్రల ప్రమాణం ఐఎస్ 1660, స్టీలు పాత్రలది ఐఎస్ 14756. గిన్నె అడుగున చూడండి.

అత్తమ్మ గిన్నెలను తిప్పి చూస్తే కొంత తెలుస్తది. మందంగా, బరువుగా, లోపల చిన్న చిన్న గుంటలతో, అంచులు గరుకుగా ఉంటే అది పోత గిన్నె. సన్నగా, గోడలంతా ఒకే మందంతో ఉంటే రేకు గిన్నె. పోత గిన్నెల్లో చారు, పులుసు, టమాట కూర, మజ్జిగ వద్దు. రాత్రంతా నిల్వ ఉంచడం అసలే వద్దు. గింజలు, పప్పులు పోసుకోవడానికి ఉంచుకోండి. బాబుకు వండే అన్నం, పప్పు మాత్రం ఈ రోజు నుంచే స్టీలు గిన్నెలోకి మార్చండి. అన్నీ పడేయాల్సిన పని లేదు. పరీక్షే చేయించాలనుకుంటే గిన్నెను ముక్క కోసి ఇవ్వొద్దు. గిన్నెలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి మరగబెట్టి, ఆ యాసిడ్‌లోకి ఎంత సీసం దిగిందో కొలవమనండి. లోహంలో ఎంత ఉందన్న దానికంటే పులుసులోకి ఎంత వస్తదన్నదే మనకు కావాలె.

ఇత్తడిలో కూడా పోత, రేకు తేడా ఉంది. నల్లాల లాంటి పోత ఇత్తడిలో మిషన్ మీద సులువుగా తెగాలని రెండు మూడు శాతం సీసం కావాలనే కలుపుతరు. బిందెల రేకు ఇత్తడిలో అంత ఉండదు. అసలు చిక్కు కళాయితో. కళాయి పూత తగరంతో వేయాలె. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతది, ఖరీదు ఎక్కువ. సీసం కలిపితే అది 183 దాకా దిగి తొందరగా కరుగుతది, పైసలు మిగుల్తయి, మెరుపు తేడా కళ్లకు తెల్వదు. మీ దగ్గర కిట్ పుల్ల మిగిలి ఉంటే కొత్తగా కళాయి పెట్టించిన గిన్నె లోపల రుద్దండి. పచ్చి లోహం మీద అది బొమ్మల మీద కంటే బాగ పనిచేస్తది.

మిగతావి తొందరగా చెప్తా. ఇంట్లో ఆముదం దీపం పెట్టి పట్టిన కాటుక ఉత్త మసి, సీసం కాదు. రాయి నూరి చేసిన సుర్మాలో మాత్రం లెడ్ సల్ఫైడ్ ఉంటది. పిల్లల కళ్లకు అది వద్దంటే వద్దు. పసుపు, సున్నంతో చేసిన కుంకుమ వేరు, మెరిసే సిందూరం వేరు. 2017లో అమెరికాలో రట్‌గర్స్ యూనివర్సిటీ వాళ్లు న్యూజెర్సీలోనూ ఇండియాలోనూ కొన్న 118 సిందూరం శాంపిళ్లు చూస్తే, దాదాపు 80 శాతంలో ఎంతో కొంత సీసం ఉంది. ముఖం తెల్లగయ్యే క్రీములతో భయం సీసం కాదు, పాదరసం; కేరళలో మలప్పురం జిల్లా డాక్టర్లు 2023లో ఈ సంగతి చెప్పిన్రు. అక్కడ ఆ క్రీములు వాడినోళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నయి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు లేని క్రీమును ఇంట్లోకే రానియ్యొద్దు.

తాయత్తును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన పిల్లలకు మొలతాడుకో మెడకో కడతరు, పండ్లొచ్చే ఈడులో వాళ్లు దాన్ని రోజంతా చీకుతరు. 2009లో న్యూయార్క్‌లో ఒక కంబోడియా కుటుంబం బిడ్డ రక్తంలో సీసం ఎందుకు పెరిగిందో వెతికితే, మెడలోని తాయత్తు పూసల్లో 45 శాతం సీసం బయటపడ్డది. బూడిదరంగు మెత్తటి రేకు, గోటితో గీస్తే గీత పడేది, తెల్ల కాగితం మీద రుద్దితే నల్లగ అంటేది అయితే అది సీసమే అనుకోండి. తాయత్తు తీసేయమని నేను చెప్పను. నోటికి అందకుండ నడుము వెనక్కి కట్టండి, లేదా వెండి గొట్టంలో పెట్టించండి.

పరీక్షలు ఎక్కడ అంటే, జిల్లాల్లో ఈ పని చేసే ల్యాబులను నేనైతే చూడలేదు, హైదరాబాద్ పోవాల్సిందే. తినే వస్తువులకు నాచారంలో ప్రభుత్వ స్టేట్ ఫుడ్ ల్యాబొరేటరీ ఉంది. 2006 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 ప్రకారం కొన్న మనిషి కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతు ఉంది. కొనేటప్పుడే షాపాయనకు ‘దీన్ని పరీక్షకు పంపుతున్న’ అని చెప్పాలె. శాంపిల్ చెడ్డదని తేలితే కట్టిన ఫీజు వాపస్ వస్తది. జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారి ఆఫీసులో అడిగితే దారి చెప్తరు.

ప్రైవేటు ల్యాబ్‌కు పోతే ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ సర్టిఫికెట్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు, దాని స్కోప్, అంటే ఏయే పరీక్షలకు గుర్తింపు ఉందో ఆ జాబితా చూపించమనండి. ఒక ల్యాబ్‌కు నీళ్ల పరీక్షకు గుర్తింపు ఉండి మసాలాలకు ఉండకపోవచ్చు. 2015లో మ్యాగీ నూడుల్స్ గొడవ యాదికుందా? సీసం 2.5 పీపీఎం దాటొద్దు, 17 వచ్చిందని జూన్‌లో దేశమంతా బంద్ పెట్టిన్రు. ఆగస్టులో బాంబే హైకోర్టు, పరీక్ష చేసిన ల్యాబులకు తగిన గుర్తింపు లేదని ఆ ఆర్డర్ కొట్టేసి, గుర్తింపు ఉన్న మూడు ల్యాబులకు మళ్లీ పంపమన్నది. అందులో ఒకటి మన హైదరాబాద్‌దే. మూడింటిలోనూ హద్దులోపలే వచ్చింది.

రిపోర్టులో ‘బీడీఎల్’ అని వస్తే సున్నా అని కాదు, వాళ్ల మిషన్‌కు అందనంత తక్కువ అని. ఎంతకంటే తక్కువ అన్నది పక్కన రాయమనండి. ‘బీడీఎల్, 5 పీపీఎం కంటే తక్కువ’ అని ఇచ్చిన పసుపు రిపోర్టుతో బాబుకు ఏం లాభం? ఐసీపీ-ఎంఎస్ అయితే అంతకంటే ఎంతో కిందికి చూడగలదు. శాంపిల్ 200 గ్రాములు శుభ్రమైన జిప్ కవర్లో పెట్టి, అదే ప్యాకెట్ నుంచి ఇంకో 200 గ్రాములు ఇంట్లో ఉంచుకోండి.

నంబరు వచ్చినంక కూడా తొందరపడొద్దు. ఏలూరులో 2020 డిసెంబర్‌లో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డయి, అన్ని చానెళ్లలో సీసం సీసం అన్నరు. తర్వాత పరిశీలనలు పురుగుమందుల దిక్కు చూపించినయి. లోహం కనపడ్డంత మాత్రాన జబ్బు దానివల్లే అని కాదు.

నల్లగొండలో ‘నీళ్లు పరీక్ష చేయించిన, బాగున్నయి’ అంటరు. అది ఫ్లోరైడ్ పరీక్ష. ఫ్లోరైడ్ లోహం కాదు, ఆ పరీక్షలో సీసం కనపడదు. నీళ్ల మీద అనుమానముంటే పొద్దున నల్లా తిప్పంగనే వచ్చే మొదటి గ్లాసును, రెండు నిమిషాలు వదిలినంక ఇంకో గ్లాసును వేరువేరుగా ఇవ్వండి. మొదటిదాంట్లో ఎక్కువుంటే తప్పు నల్లాది.

చెల్లె, మీరు రాయని సంగతి ఒకటి అడుగుత. ఇంట్లో మొగోళ్లు ఏం పని చేస్తరు? బ్యాటరీల షాపు, పెయింటింగ్, రేడియేటర్ రిపేరు, తుక్కు, కంసాలి పని, వీటిలో ఏదైనా ఉంటే గిన్నెలు, పసుపు అన్నీ పక్కన పెట్టి, ముందు పని బట్టలు బయటనే విడిచి, స్నానం చేసినంకే బాబును ఎత్తుకోమని చెప్పండి. బట్టలు విడిగా ఉతకండి. గడప దగ్గర చీపురుతో ఊడ్వకుండ తడి గుడ్డతో తుడవండి, ఊడిస్తే దుమ్ము లేస్తది.

అత్తమ్మ ప్రశ్నకు జవాబు: పోదు. చింతపండు పైన పట్టిన మైలను తీస్తది. లోహంలో కలిసిన సీసం అట్లనే ఉంటది, పైగా తోమి తోమి కళాయి పలచబడితే కింది ఇత్తడి బయటపడుతది. పండుగలకు తోముకొని పూజకు వాడుకోమనండి, పులుసు మాత్రం స్టీలు గిన్నెలో.